తరుగు రెండుసార్లు తీస్తే?



ఈ నెల కంప్యూటరు చేత చిల్లర చాకిరీ చేయించటం ఎలాగో చెప్పుకుందాం. అయితే దానికి ముందు మనం ఒకసారి మానుకోట దాకా పోయి రావాలి.

మానుకోట అంటే మహబూబాబాదే. 2016 అక్టోబరు దాకా అది వరంగల్లు జిల్లాలోని ఊరు. ఆ నెల 11వ తేదీ నుంచి తానే ఒక కొత్త జిల్లాకు ముఖ్యపట్టణం అయింది. కాజీపేట నుంచి డోర్నకల్లు మీదుగా విజయవాడ పోయే రైలు ఎక్కితే దారిలో కేసముద్రం, ఆ తరవాత మానుకోట తగులుతాయి. సంక్రాంతి వెళ్ళి ఎండ ముదిరే రోజుల్లో కిటికీ పక్కన కూచోండి. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా మెరుస్తూ కనిపిస్తాయి. గాలి ఇటు తిరిగితే తుమ్ములు కూడా వస్తాయనుకోండి!

ఆ కళ్ళంలో జరిగే పని కాస్త జాగ్రత్తగా చూడాలి. ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూచుని రంగు పోయి తెల్లబడిన కాయలను ఏరి వేరుగా పోస్తారు. దాన్ని తాలు అంటారు. మేలు కాయ వేరే బస్తాల్లోకి, తాలు వేరే బస్తాల్లోకి పోతుంది. రెంటికీ ధర ఒకటి కాదు మరి. మార్కెట్టు యార్డులో బస్తాలు ఒక్కొక్కటే కాటా ఎక్కుతాయి. తూచే ఆయనను దడువాయి అంటారు. ఆయన బరువు చెప్పటం, అది కాగితం మీద ఎక్కటం, ప్రతి బరువులోనుంచి గోనెసంచి బరువు తీసెయ్యటం - ఇదంతా చకచకా సాగిపోతుంది. సంచి కోసం తీసేదాన్ని తరుగు అంటారు. చివరికి అన్నీ కూడి, ధరతో హెచ్చవేసి, రైతు చేతికి తక్‌పట్టీ ఇస్తారు. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ అనే కంప్యూటరు మార్కెట్టు మొదలైంది. కేసముద్రం యార్డు కూడా అందులో చేరింది. అంటే బేరం ఇప్పుడు కంప్యూటరు మీద కూడా నడుస్తుందన్నమాట.

ఇంతకీ కళ్ళం నుంచి కాటా దాకా జరిగినవి ఎన్ని పనులు? మూడే. ఒకటి, కావలసినవాటిని ఏరటం. రెండు, ఏరినవాటిలో ఒక్కొక్కదాన్నీ ఒకే పద్ధతిలో మార్చటం. ఇక్కడ ప్రతి బస్తాకూ తరుగు తీశారు. మూడు, అన్నిటినీ కలిపి ఒకే అంకెగా చేయటం. కంప్యూటరు భాషల్లో ఒక పెద్ద కుటుంబానికి ఈ మూడు పనులూ మూడు కాళ్ళు. ఆ భాషల్లో ఏరటాన్ని ఫిల్టర్ అంటారు. మార్చటాన్ని మ్యాప్ అంటారు. కూడటాన్ని ఫోల్డ్ అంటారు. ఫోల్డ్ అంటే మడత. పొడుగాటి చీరను మడత మీద మడత పెట్టి చివరికి చేతిలో పట్టేంత చేస్తారే, అలాటిదే ఇది కూడా.

ఆ కుటుంబం పేరు ఫంక్షనల్ భాషలు. ఫంక్షను అంటే ఇక్కడ పెళ్ళి ఫంక్షను కాదు! ఇంటరు లెక్కల పుస్తకంలో దాన్ని ప్రమేయం అంటారు. ఒక అంకె ఇస్తే ఒక అంకె వస్తుంది. అదే అంకె మళ్ళీ ఇస్తే అదే జవాబు మళ్ళీ వస్తుంది. పొద్దున ఇచ్చినా, రాత్రి ఇచ్చినా, పదిసార్లు ఇచ్చినా అంతే. పిండిమర కూడా ఇలాటిదే కదా అంటారేమో. జొన్నలు పోస్తే జొన్నపిండే వస్తుంది, నిజమే. కాని పిండిమరలో పోసిన జొన్నలు ఇక లేనట్టే. ప్రమేయంలో అట్లా కాదు. జొన్నలు జొన్నలుగానే ఉంటాయి, పిండి వేరుగా వస్తుంది. ఈ ఒక్క తేడా మీదనే ఇవాళ్టి కథ అంతా ఉన్నది.

మీ ఇంట్లో ఒక కంప్యూటరు ఉన్నదనుకోండి. మీ నాన్న 40 బస్తాల మిర్చి అమ్మి, బరువులన్నీ ఒక ఫైలులో ఎక్కించాడు. ప్రతి బస్తాకూ ఒక కిలో తరుగు తీసి మొత్తం చూడమని మీతో అన్నాడు. చేత్తో చేస్తే విసుగు. అందుకని కంప్యూటరుకు ఒక చీటీ రాసి ఇస్తారు: ఇది చెయ్యి, తరవాత అది చెయ్యి అని. నాటకంలో వేషగాడు ఏం మాట్లాడాలో రాసి ఉండే ప్రతిని స్క్రిప్టు అంటారు కదా. కంప్యూటరుకు రాసిచ్చే చీటీ పేరు కూడా అదే, స్క్రిప్టు.

మామూలుగా ఎవరికైనా ముందు తోచే స్క్రిప్టు ఇలా ఉంటుంది: ఫైలు తెరువు, మొదటి బస్తా బరువు చూడు, అందులో ఒకటి తీసి, పాత అంకె చెరిపి, ఆ చోటులోనే కొత్త అంకె రాయి, తరవాతి బస్తాకు పో, చివరి బస్తా దాకా ఇలాగే చెయ్యి. బాగానే ఉన్నదే అనిపిస్తుంది. తప్పేమీ కనిపించదు.

17 బస్తాలు అయ్యేసరికి కరెంటు పోయింది!

కరెంటు వచ్చాక మీరేం చేస్తారు? స్క్రిప్టును మళ్ళీ మొదటినుంచి నడుపుతారు. పాపం, దానికేం తెలుసు? మొదటి 17 బస్తాలకు రెండోసారి తరుగు తీసేస్తుంది. 17 కిలోలు గాలిలో కలిసిపోయాయి. క్వింటాలు ధర 15,000 రూపాయలనుకుంటే కిలో 150. 17 కిలోలకు 2,550 రూపాయలు. ఒకవేళ కరెంటు పోకపోయినా, మీరు నడిపిన సంగతి తెలియక మీ అన్న ఇంకోసారి నడిపాడనుకోండి. 40 కిలోలు, 6,000 రూపాయలు! ఇంతకన్నా దారుణం ఏమిటంటే, ఫైలు చూసి ఎవరూ తప్పు పట్టుకోలేరు. 39 అని రాసి ఉన్నది. అది 40లో ఒకసారి తీసినదా, 41లో రెండుసార్లు తీసినదా? పాత అంకె చెరిగిపోయింది కాబట్టి ఎవరు చెప్పగలరు? దొంగ వచ్చి పోతే కనీసం తాళం పగిలి ఉంటుంది. ఇక్కడ ఆ గుర్తు కూడా ఉండదు.

ఇప్పుడు ఫంక్షనల్ పద్ధతిలో రాద్దాం. దాన్ని మన మాటల్లో పెడితే ఒక్క వరసలో అయిపోతుంది:

బస్తాల పట్టిక | మేలు కాయ ఏరు | 1 కిలో తరుగు తీయి | కూడు

మధ్యనున్న నిలువు గీత గొట్టం లాటిది. ఎడమవైపునుంచి వచ్చింది కుడివైపుకు పోతుంది. ఏరినప్పుడు పట్టిక మారదు. ఏరినవాటితో ఒక కొత్త పట్టిక పుడుతుంది. తరుగు తీసినప్పుడు ఇంకో కొత్త పట్టిక పుడుతుంది. మొదటి పట్టిక ఎక్కడున్నది అక్కడే ఉన్నది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. కరెంటు పోతే? పోనివ్వండి. మళ్ళీ నడపండి. మీ అన్న నడిపినా, మీ చెల్లెలు ఆటగా పదిసార్లు నొక్కినా వచ్చే జవాబు ఒక్కటే.

మరి ఇన్ని పట్టికలు పుట్టిస్తే కంప్యూటరు నిండిపోదా? మంచి ప్రశ్న. పని అయిపోయిన పట్టికలను ఊడ్చి అవతల పారేసే ఏర్పాటు ఆ భాషల్లోనే ఉన్నది. దాన్ని మొదట ఆలోచించిన ఆయన అమెరికావాడు, పేరు జాన్ మెకార్తీ. 1958లో లిస్ప్ అనే భాషను మొదలుపెట్టిందీ ఆయనే. ఫంక్షనల్ భాషలకు లిస్ప్ పెద్దమ్మ వంటిది. దాని వెనక ఇంకా పాత సంగతి ఒకటి ఉన్నది. 1930ల్లో, అంటే కంప్యూటర్లు ఇంకా పుట్టకముందే, అలొంజో చర్చ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ప్రమేయాలు తప్ప ఇంకేమీ లేని ఒక లెక్కల పద్ధతి కట్టాడు. లాంబ్డా అనే గ్రీకు అక్షరం దాని గుర్తు. కాగితం మీద గీసుకున్న ఆ గీతలే తరవాత యంత్రం మీదికి ఎక్కాయి.

మెకార్తీ దగ్గర చదువుకున్నవాళ్ళలో మన తెలుగువాడు ఒకరున్నారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడినుంచి స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో మెకార్తీ శిష్యుడుగా డాక్టరేటు పొందారు. మనిషి మాటను యంత్రానికి వినిపించి అర్థం చేయించటంలో ఆయన చేసిన పని లోకమంతా ఎరిగినది. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు. ఆ బహుమతి ఎవరి పేర పెట్టారో ఆ అలన్ ట్యూరింగ్, ఇందాక చెప్పిన చర్చ్ దగ్గర 1938లో డాక్టరేటు చేశాడు. చూశారా, తిరిగి తిరిగి ఒక్క వీధిలోనే తేలాం!

ఆ కుటుంబంలో హాస్కెల్ అని ఇంకో భాష ఉన్నది. అది 1990లో వచ్చింది. హాస్కెల్ కర్రీ అనే గణిత శాస్త్రజ్ఞుడి పేరులో మొదటి సగం ఈ భాషకు పోయింది. రెండో సగం ఒక ఉపాయానికి పోయింది, దాన్ని కర్రీయింగ్ అంటారు. మసాలా ఏమీ లేదు లెండి! తరుగు అనే ప్రమేయానికి రెండు అంకెలు కావాలి: సంచి బరువు ఒకటి, బస్తా బరువు ఒకటి. రెండూ ఒక్కసారే ఇవ్వాలని నియమం లేదు. సంచి బరువు 1 అని మాత్రం ఇచ్చి ఊరుకోండి. అప్పుడు మీ చేతికి అంకె రాదు. 'ఒక కిలో తీసేది' అనే ఒక కొత్త ప్రమేయం వస్తుంది. దాన్ని 40 బస్తాల మీదా నడిపించవచ్చు. రేపు సంచులు మారి అర కిలోవి వస్తే, 'అర కిలో తీసేది' తయారుచేసుకోవటం రెప్పపాటు పని. ఈ ఉపాయం కర్రీ కన్నా ముందే, 1924లో షోన్‌ఫింకెల్ అనే ఆయన రాసిపెట్టాడు. ఆ సంగతి కర్రీయే ఒప్పుకున్నాడు. అయినా పేరు మాత్రం కర్రీదే నిలిచింది.

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు ఒక చిక్కు పట్టుకుని ఉంటారు. 'ఏదీ ముట్టుకోకుండా ఉంటే పని ఎలా అవుతుంది? ఫైలులో రాయవద్దా? అచ్చు వెయ్యవద్దా?' అని. వెయ్యాలి మరి! ఏదీ రాయని, ఎవరికీ చూపని ప్రోగ్రాము ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందుకని ఫంక్షనల్ పద్ధతివాళ్ళు పనిని రెండుగా కోస్తారు. ఏం చెయ్యాలో తేల్చటం ఒక ముక్క. తేలినదాన్ని చెయ్యటం ఇంకో ముక్క. మొదటి ముక్క పెద్దది, దాని వల్ల హాని లేదు. రెండోది చిన్నది, అక్కడే జాగ్రత్త కావాలి.

హాస్కెల్ ఈ కోతను గట్టిగా అమలు చేస్తుంది. ఫైలు రాయటం, చెరపటం, తెరమీద చూపటం వంటి పనులు చేసే ప్రతిదాని మీదా ఐ.ఓ. అని ముద్ర పడుతుంది. ముద్ర లేని ప్రమేయం మీ ఫైళ్ళ జోలికి పోలేదు. కాబట్టి స్క్రిప్టులో ఎక్కడ ప్రమాదం ఉందో చూడాలంటే ముద్ర ఉన్న చోట్లు చూస్తే చాలు. దొడ్డిదారి ఒకటి లేకపోలేదు గాని, దాని పేరులోనే 'ఇది సురక్షితం కాదు' అని కలిపి పెట్టారు. తెలిసి తొక్కితే ఇక ఎవరేం చేస్తారు?

ఈ కోత ఎంత అక్కరకు వస్తుందో ఇంకో పనిలో చూడండి. మీ బడి వార్షికోత్సవం ఫోటోలు 300 ఉన్నాయి. కెమెరా పెట్టిన పిచ్చి పేర్లు తీసేసి, తేదీ, తరగతి కలిపి మంచి పేర్లు పెట్టాలి. తొందరగా రాసిన స్క్రిప్టు ఒక్కొక్క ఫోటోకూ పేరు మారుస్తూ పోతుంది. ఒకేరోజున ఏడో తరగతివాళ్ళ ఫోటోలు రెండు ఉన్నాయి. రెంటికీ ఒకే పేరు వచ్చింది. రెండోది వచ్చి మొదటిదాని చోటులో కూచుంటే, మొదటి ఫోటో ఇక దొరకదు. అందులో ఎవరి నాట్యం ఉన్నదో ఏమో!

పనిని రెండుగా కోసినవాడు ముందు ఒక పట్టిక తయారుచేస్తాడు: పాత పేరు ఇది, కొత్త పేరు ఇది అని 300 వరసలు. ఇంకా ఏ ఫోటోనూ తాకలేదు. ఆ పట్టికను కూడా ఒక ప్రమేయానికి ఇచ్చి, ఒకే కొత్త పేరు రెండుసార్లు వచ్చిందా అని అడగవచ్చు. వచ్చిందంటే ఆగిపోవటమే. మాస్టారికి చూపించి, సరే అన్నాక మాత్రమే రెండో ముక్క నడుస్తుంది. బరువుల ఫైలుకు కూడా ఇదే జాగ్రత్త పనికివస్తుంది. కొత్త పట్టికను వేరే ఫైలులో పూర్తిగా రాసి, అన్నీ సరిగా ఉన్నవని చూశాకే దానికి అసలు పేరు పెట్టాలి. మధ్యలో కరెంటు పోయినా పోయేది సగం రాసిన కొత్త కాగితమే.

గొట్టాల ముచ్చట ఇందాక వచ్చింది. అది ఫంక్షనల్ భాషల సొత్తు మాత్రమే కాదు. యూనిక్స్ అనే ఏర్పాటులో 1973లోనే ఈ గొట్టాలు ఉన్నాయి. డగ్లస్ మెకిల్‌రాయ్ అనే ఆయన అంతకు చాలా ముందే, 1964లో, తోటకు నీళ్ళు పెట్టే గొట్టాల్లాగా ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించాలని రాసి పెట్టాడు. కెన్ థామ్సన్ దాన్ని చేసి చూపించాడు. ఇవాళ్టికీ కోట్లకొద్దీ చిల్లర పనులు ఆ గొట్టాల్లోనే పారుతున్నాయి. అయితే ఆ గొట్టాల్లో పోయేవి ఉత్త అక్షరాలు. 39 అని పోతుంది. అది కిలోలో, రూపాయలో, రోలు నెంబరో గొట్టానికి తెలియదు. హాస్కెల్ వంటి భాషల్లో మీరు ముందే కిలోలకు ఒక ముద్ర, రూపాయలకు ఒక ముద్ర వేసి ఉంచితే, పొరపాటున కిలోలనూ రూపాయలనూ కలిపి కూడబోయినప్పుడు స్క్రిప్టు అసలు బయలుదేరదు. ఎన్నో వరసలో తప్పుందో చెప్పి ఆగిపోతుంది. కాటా ఎక్కకముందే తాలు ఏరినట్టు!

ఇదంతా విని, ఇక అన్ని పనులకూ హాస్కెలే అనుకోకండి. నాలుగు ఫైళ్ళను ఒకచోటినుంచి ఇంకోచోటికి తరలించే పనికి అంత సరంజామా దండగ. షెల్లు స్క్రిప్టో, పైథానో చాలు. పైగా ఫంక్షనల్ భాషలు మొదట్లో మొండికేస్తాయి. రాయటానికి పట్టే సేపు కన్నా ఆలోచనకు పట్టే సేపు ఎక్కువ. 2007లో వచ్చిన క్లోజర్ అనే భాష లిస్ప్‌కు మనవరాలు వంటిది, చాలా చక్కనిది. కాని నిద్ర లేవటానికి తాత్సారం చేస్తుంది. చిన్న స్క్రిప్టుకు అంతసేపు ఎవరు కాచుకుంటారు? అందుకని తటాలున లేచే బబాష్కా అనే దాన్ని 2019లో వేరుగా తయారుచేయవలసి వచ్చింది. నా మటుకు నేను ఒక కొలత పెట్టుకుంటాను: స్క్రిప్టు తప్పుగా నడిస్తే పోయేది తిరిగి వస్తుందా, రాదా? తిరిగి వచ్చేదైతే ఎలా రాసినా సరే. రానిదైతే ఫంక్షనల్ పద్ధతిలోనే రాస్తాను, భాష ఏదైనా సరే. పైథానులో కూడా పాత పట్టికను ముట్టకుండా కొత్త పట్టిక చేయటానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఈ భాషలు పండితుల అలమారుల్లో ఉండేవని కూడా అనుకోకండి. ఇళ్ళ ప్లానులు, వంతెనల నమూనాలు గీసే ఆటోక్యాడ్ అనే ప్రోగ్రాములో 1986 నుంచి లిస్ప్ రకం ఒకటి ఉన్నది. పేరు ఆటోలిస్ప్. ఒకే మెట్టును వందసార్లు గీయలేక విసిగినవాళ్ళు దానిలో చీటీ రాసి కంప్యూటరు చేత గీయిస్తారు. ఒక రకం పత్రాన్ని ఇంకో రకం పత్రంగా మార్చే పాండాక్ అనే ప్రోగ్రాము హాస్కెల్‌లో రాసినది. 2006లో దాన్ని మొదలుపెట్టిన జాన్ మెక్‌ఫార్లేన్ కంప్యూటరు పంతులు కాదు, తత్వశాస్త్రం ఆచార్యుడు!

ఇక మీకు ఒక లెక్క. కళ్ళంలో 6 బస్తాలున్నాయి. కిలోల్లో వాటి బరువులు: 41, 38, 44, 40, 37, 42. స్క్రిప్టు ఇది:

బస్తాల పట్టిక | 40 కి తగ్గనివి ఏరు | 1 కిలో తరుగు తీయి | కూడు

ఏరితే నాలుగు బస్తాలు మిగులుతాయి. తరుగు తీసి కూడితే 163 కిలోలు వస్తాయి. కాగితం మీద చేసి చూసుకోండి. ఇప్పుడు మధ్యనున్న రెండు పనులనూ తారుమారు చేయండి: ముందు తరుగు తీయి, తరవాత 40కి తగ్గనివి ఏరు. ఎంత వస్తుంది? అంత తేడా ఎందుకు వచ్చింది? ఇంకో ప్రశ్న. 'మేలు కాయ ఏరు' అనే మన మొదటి స్క్రిప్టులో ఆ రెండు పనులనూ ఇలాగే తారుమారు చేస్తే అక్కడ కూడా జవాబు మారుతుందా?

కార్డు మీద రాసి పంపండి. జవాబులు వచ్చే నెల.